కన్ను చూసి కోసిన తీగ

ఇరవై ఏళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. సెట్లో డబ్బున్న ఇల్లు వేస్తే, ఆ ఇంటి భోజనం బల్ల మీద ఎర్ర వైన్ సీసా పెట్టే బాధ్యత నాది. దానిమ్మ రసంలో కాస్త కాఫీ డికాక్షన్ కలిపి లైటు కింద పట్టి చూస్తాను. రంగు మరీ శరబత్తులా మెరిసినా, మరీ నల్లగా కనిపించినా మళ్లీ కలుపుతాను. ఇన్నేళ్లలో ఎన్ని గ్లాసులు నింపానో లెక్క లేదు. అది ఏ ద్రాక్షతో చేసిన వైన్ అని ఏ డైరెక్టరూ నన్ను అడగలేదు. నాకూ ఆ ప్రశ్న తట్టలేదు. అసలు వైన్‌కి ఒక ఊరు, ఒక తీగ, ఆ తీగకి ఒక స్వభావం ఉంటాయని నేను నేర్చుకున్నది మొన్నటి అక్టోబరులోనే.

లేక్ గార్డా ఒడ్డున ఒక పాట తీయాలని మా వాళ్ల ఆలోచన. లొకేషన్లు చూడటానికి నలుగురం వెళ్లాం. పడవల మీద షూటింగ్‌కి అనుమతి రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. మాకు దుబాసీగా కుదిరిన కుర్రాడిది కరీంనగర్, వెరోనాలో చదువుకుంటున్నాడు. "ఊకే హోటల్ల కూసొని ఏం జేస్తవన్నా, వైన్ చేసే ఊరు సూపిస్త రా" అని నన్ను బస్సెక్కించాడు. వెరోనా నుంచి నెగ్రార్‌కి సుమారు 12 కిలోమీటర్లు. ఊరు దాటగానే గుట్టలు మొదలయ్యాయి. ఆ ప్రాంతాన్ని వాల్పొలిచెల్లా అంటారు. ఉత్తరాన లెస్సీని కొండలు, వాటి నుంచి చేతివేళ్లలా కిందికి దిగే లోయలు, లోయల వాలు పొడుగునా సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గట్లు. ఆ గట్లని వాళ్ల యాసలో 'మరోన్యె' అంటారట. గట్టు గట్టుకీ మధ్య ద్రాక్ష.

బస్సు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాను. నా ముందున్నది పందిరి.

సినిమాల్లో చూసిన విదేశీ ద్రాక్షతోట అంటే నాకు నడుమెత్తు తీగలు, గీత గీసినట్టు వరసలు. ఇక్కడ మనిషి తల మీదికి పాకిన కొమ్మలు, కింద నీడ, ఆ నీడలోకి వేలాడే గుత్తులు. కోత దాదాపు అయిపోయింది. ఆకులు పసుపూ ఎరుపూ తిరుగుతున్నాయి, అక్కడక్కడా ఆలస్యంగా పండిన గుత్తులు మిగిలాయి. వంగి పందిరి కిందికి వెళ్లాను. మెడ వెనక్కి వాల్చి పైకి చూసే ఆ చూపు నా ఒంటికి ముందే తెలుసు.

మా నాయన అంగూర్ తోటలో కటింగ్ చేసేవాడు. కీసర వైపు ఒక పెద్దాయన తోట. షేక్‌పేట నుంచి పొద్దున నాలుగింటికి లేచి రెండు బస్సులు మారి వెళ్లేవాడు. కటింగ్ రోజుల్లో వారాల తరబడి అక్కడే షెడ్డులో పడుకునేవాడు. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ని. రాతి కడీలు, వాటి మీద అల్లిన ఇనుప తీగెలు, ఆ తీగెల మీద ఆకాశం కనపడనంత దట్టంగా అనాబ్-ఎ-షాహీ. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఒక్కో గుత్తి కిలోకి తగ్గకుండా తూగేది. పండు పొడుగ్గా, లేత తేనె రంగులో ఉండేది. వెలుతురుకి పట్టుకుంటే లోపలి గింజలు కనపడేవి. కొరికితే రసం మోచేతి దాకా కారేది.

వెరోనా పందిరికీ మన పందిరికీ ఒక తేడా ఉంది. మనది చదునుగా, పెళ్లిపందిరి కప్పులా ఉంటుంది. వాళ్లది ఇంటి చూరులా వాలుగా, ఒక పక్కకో రెండు పక్కలకో చేతులు చాపినట్టు ఉంటుంది. ఆ తోట యజమానురాలికి డెబ్బై దాటి ఉంటాయి. మొగుడు పోయాక కొడుకుతో కలిసి తనే చూసుకుంటోంది. కొత్తగా నాటేవాళ్లు చాలామంది యంత్రాలకి అనువుగా ఉంటుందని వరసల్లోకి మారారనీ, తను మాత్రం పందిరి తీయనిచ్చేది లేదనీ కుర్రాడి చేత చెప్పించింది. ఎందుకని అడిగాను. ఆమె ఒక కొమ్మని కిందికి వంచి, మొదట్లో వేలు పెట్టి ఒక్కో కణుపూ తాకుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు దాకా తల అడ్డంగా ఊపింది. నాలుగు దగ్గర కాస్త ఆలోచించింది. ఆ పైన నవ్వింది.

కుర్రాడు తర్జుమా చేశాడు. "మొదటి కండ్లు గుడ్డియంటందన్నా. అయిటికి కాయ రాదంట. గందుకే కొమ్మ పొడుగ్గ ఉంచాల్నంట."

ఇటాలియన్‌లో కూడా తీగ మొగ్గని కన్ను అనే అంటారని అప్పుడే తెలిసింది. కాయని కన్నుని గుడ్డిది అంటారట. నా గుండె ఒక్కసారి కీసర పందిరి కిందికి వెళ్లిపోయింది. "కన్ను సూసి కొయ్యాల్రా. కత్తెర ఉంది గదా అని కోస్తే ఏడాది పంట నేలపాలైతది" అని మా నాయన నాకు కొన్ని వందల సార్లు చెప్పాడు. చదువు రాని ఆ మనిషి ఏ కన్నులో గుత్తి నిద్రపోతోందో కొమ్మ మందం చూసి, రంగు చూసి చెప్పేవాడు.

ఆ తీగ పేరు కోర్వీనా. వాల్పొలిచెల్లా వైన్లన్నిటికీ అదే పెద్ద దిక్కు. మొదటి కళ్లు కాయవు కాబట్టి దానికి పొడవాటి కొమ్మ కావాలి. పొడవాటి కొమ్మ పాకడానికి పందిరి కావాలి. పందిరి మీద గుత్తులు విడివిడిగా గాల్లో వేలాడతాయి. తర్వాత వాటిని నెలల తరబడి ఎండబెట్టాలి కాబట్టి అలా గాలి తగలడమే మేలు. తీగ స్వభావం నుంచి పందిరి పుట్టింది, పందిరి నుంచి ఎండబెట్టే పద్ధతికి వీలు కలిగింది. ప్రపంచమంతా కాబెర్నే సోవిన్యోఁ, మెర్లో లాంటి ఫ్రెంచి రకాల వెనక పడినప్పుడు కూడా ఈ లోయలు కోర్వీనాని వదలలేదు. మన దేశంలో వైన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే నాసిక్, నందిహిల్స్ తోటల్లో ఎక్కువగా కనిపించేవి ఆ ఫ్రెంచి తీగలే.

కోర్వీనాకి తోడుగా ఇంకొన్ని రకాలుంటాయి. వాటి పేర్లు నాకు ముచ్చటగా అనిపించాయి. కోర్వీనా అన్న మాట కాకి నుంచి వచ్చిందంటారు, పండు నలుపు వల్ల. రొండినెల్లాలో వానకోయిల ఉంది. మొలినారా అంటే పిండిమర నుంచి వచ్చిన పేరు. పండు మీద పిండి చల్లినట్టు తెల్లని పొర ఉంటుంది. ఓజెలేతా అన్నది దాదాపు మాయమైపోయి మళ్లీ బతికించుకున్న పాత రకం, ఆ పేరులోనూ పిట్టే ఉంది. కోర్వినోనే అనే ఇంకో రకాన్ని చాలాకాలం కోర్వీనాకే ఒక రూపం అనుకున్నారు. 1993లో గానీ అది వేరే రకమని అధికారికంగా నమోదు కాలేదు. ఈ పేర్లు పెట్టినవాళ్లు పొలంలో తిరిగినవాళ్లే.

కోసిన గుత్తుల్ని చూపిస్తానని ఆమె మమ్మల్ని ఇంటి పైకప్పు కిందున్న పెద్ద గదికి తీసుకెళ్లింది. దాన్ని ఫ్రుత్తాయో అంటారు, పండ్ల గది. రెండు వైపులా కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. కొండ మీంచి వచ్చే గాలి ఒక పక్క దూరి ఇంకో పక్క వెళ్తోంది. నేల నుంచి దూలం దాకా అరలు. కొన్ని పాతకాలపు వెదురు తడికెలు, వాటిని అరెలె అంటారు. మిగతావి ఈ కాలపు ప్లాస్టిక్ ట్రేలు. అన్నిటిలోనూ ఒకే ఒక్క వరసలో గుత్తులు, ఒకదాని మీద ఒకటి పడకుండా. గుమ్మంలోనే నిలబడి ఊపిరి పీల్చాను. మా నాయనమ్మ మామిడి ఒరుగులు దాచిన కుండ మూత తీసినప్పుడు వచ్చే వాసనకీ దీనికీ ఎక్కడో చుట్టరికం ఉంది. కాకపోతే ఒరుగులు ఎండలో ఎండుతాయి, ఇవి నీడలో గాలికి.

ఒక గుత్తి నా చేతిలో పెట్టింది. కోసి మూడు వారాలైందట. నీలం కలిసిన నలుపు, పైన బూడిద పొర. వేలితో రాస్తే పొర చెరిగి కింద తోలు మెరిసింది. తోలు మందంగా ఉంది. పండు ఒక వైపు ఇంకా బిగువుగా ఉంటే రెండో వైపు కాస్త లోపలికి పోయి, ముసలివాళ్ల బుగ్గలా సన్నని ముడత పడింది. తొడిమ ఆకుపచ్చ వదిలి గోధుమ రంగుకి తిరుగుతోంది. గుత్తి నడుమ ఒక పండు చితికి ఉంది. ఆమె జేబులోంచి చిన్న కత్తెర తీసి, పక్క పండు కదలకుండా దాన్ని కత్తిరించి తీసేసింది. ఒక్క పండు కుళ్లితే ట్రే అంతా పోతుంది. అందుకే రోజూ ఎవరో ఒకరు ఈ గదిలో ట్రే ట్రేకీ వంగి చూస్తూనే ఉండాలి.

ఇలా దాదాపు 100 నుంచి 120 రోజులు. ఈలోగా పండు తన బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటుంది. నీరు పోతుంది, తీపి చిక్కబడుతుంది. డిసెంబరు 1కి ముందు వీటిని పిండకూడదన్నది చట్టం. 100 కిలోల ద్రాక్ష నుంచి 40 లీటర్లకి మించి వైన్ తీయకూడదన్నదీ చట్టమే. చలికాలం చలిలో ఆ చిక్కని రసం నెమ్మదిగా పులుస్తుంది. తర్వాత కనీసం రెండేళ్లు ఆగాలి. అలా తయారయ్యేదే అమరోనే. వీటన్నిటినీ కాపాడే రాజముద్ర లాంటి గుర్తింపు వాల్పొలిచెల్లాకి 1968లో వచ్చింది. ఆ పైమెట్టు గుర్తింపు అమరోనేకి 2010లో దక్కింది.

ఎండబెట్టే పద్ధతి మాత్రం చాలా పాతది. 6వ శతాబ్దంలో గోత్ రాజుల కొలువులో మంత్రిగా ఉన్న కాసియొడోరస్, వెరోనా ప్రాంతంలో ద్రాక్షని ఆరబెట్టి చేసే వైన్‌ని రాజుగారి కోసం పంపమని జాబు రాశాడు. అప్పట్లోనూ ఆ తర్వాత వెయ్యేళ్ల పైనా చేసింది తియ్యటిది. దాని పేరు రెచోతో. వాళ్ల యాసలో రెచా అంటే చెవి. గుత్తికి పైన రెండు పక్కలా చెవుల్లా పొడుచుకొచ్చే చిన్న గుత్తులకి ఎండ బాగా తగిలి ఎక్కువ తియ్యగా ఉంటాయని వాటినే ఏరి చేసేవారట. ఒకప్పుడు నెగ్రార్ సహకార సంఘంలో ఒక పీపా రెచోతోని మరిచిపోయారని చెప్పుకుంటారు. 1936 నాటి మాట. లోపల తీపి అంతా పులిసిపోయి, తీపి లేని ఘాటైన వైన్ మిగిలింది. చేదుని ఇటాలియన్‌లో అమారో అంటారు. అమరోనే అంటే పెద్ద చేదు.

వంటింటి బల్ల దగ్గర కూచోబెట్టి ఒక గ్లాసులో రెండు వేళ్ల లోతు పోసింది. మొదట వెలుతురుకి పట్టి చూశాను, అది నా వృత్తి. ఇన్నేళ్లు నేను కలిపిన రంగు తప్పని అర్థమైంది. ఇది నడుమ దట్టమైన ఎరుపు, అంచుల్లో ఇటుక పొడి రంగు. నోట్లో పోసుకుంటే ముందు ఎండుద్రాక్ష, తర్వాత పుల్లటి చెర్రీ, ఆ తర్వాత నేరేడు పండ్లు తిన్నాక నాలుకని పట్టుకునే వగరు, అన్నీ అయ్యాక గొంతు దగ్గర సన్నని చేదు. ఆ చేదు చాలాసేపు ఉంది. కనీసం 14 శాతం ఆల్కహాల్ ఉండే పానీయం. ఒక్క గుక్కకే చెవులు వేడెక్కాయి.

ఈ రుచి నాకు ఎక్కడో తెలుసనిపించి కాసేపు మాట్లాడలేదు. ద్రాక్షారిష్టం! జ్వరం తగ్గాక ఆకలి పుట్టడానికి మా నాయనమ్మ నీళ్లు కలిపి తాగించిన గోధుమ రంగు సీసా. ఎండుద్రాక్షని కషాయం కాచి, బెల్లం వేసి, సుగంధ ద్రవ్యాలు కలిపి, కుండలో మూతబెట్టి వారాల తరబడి పులియబెట్టేదే గదా అది. ఎండిన ద్రాక్షని పులియబెట్టే విద్య మన వైద్యుల దగ్గరా ఉంది. వెరోనా వాళ్లది భోజనం బల్ల మీదికి చేరింది, మనది మందుల అల్మారాలో ఉండిపోయింది. కుర్రాడు ఈ సంగతి ఆమెకి చెప్పాడు. ఆమె రెండుసార్లు అడిగి పేరు పలికించుకుంది. ద్రా-క్షా-రిష్-టం.

తిండి కూడా పెట్టింది. వెరోనా దక్షిణాన నీటి మడుల్లో వియలోనే నానో అనే పొట్టి గింజ వరి పండుతుంది. ఆ బియ్యాన్ని అమరోనేలో ఉడికిస్తారు. ముదురు ఊదా రంగు అన్నం, పైన కోరిన జున్ను. అన్నం తినే మనిషిని గనక నాకు అది వింత కాలేదు. మెతుకు మాత్రం మనం ఒప్పుకోనంత గట్టిగా ఉంది.

తింటూండగా ఆమె మా తోటల గురించి అడిగింది. కాపు ఎప్పుడంటే ఫిబ్రవరి నుంచి అన్నాను. కటింగ్ ఎప్పుడంటే వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఇంకోసారి అన్నాను. చెంచా కింద పెట్టి నా వైపు చూసింది.

"మీ తీగ ఎప్పుడు నిద్రపోతుంది?"

నిద్రపోదని చెప్పాను. హైదరాబాద్ చలికి తీగ ఆకులు రాల్చి పడుకోదు. వదిలేస్తే ఆకు మీద ఆకు వేస్తూనే పోతుంది, కాయదు. అందుకే మనిషి కత్తెరతో రెండుసార్లు దాన్ని ఆపి, కాపుకి మళ్లించాలి. వేసవి కటింగ్‌తో వచ్చే కొమ్మల్లో కళ్లు తయారవుతాయి. అక్టోబరు కటింగ్‌తో ఆ కళ్లు తెరుచుకుంటాయి. ఇది మా నాయన చెప్పిన మాటే, నేను కుర్రాడికి చెప్పాను, వాడు ఆమెకి చెప్పాడు. "అయితే మీ నాన్నగారికి మాకంటే రెట్టింపు పని" అంది. మా నాయన పనికి ఆ మర్యాద ఇచ్చిన మాట నేను అంతకు ముందు ఎవరి నోటా వినలేదు.

అనాబ్-ఎ-షాహీ మన నేలలో పుట్టిన తీగ కాదు, ఎక్కడో పడమటి దేశాల నుంచి వచ్చిందే అంటారు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన హైదరాబాద్‌లో పెంచిన తీగ నుంచి ఇక్కడి తోటలకి వ్యాపించింది. రాజుగారి ద్రాక్ష అని దాని పేరుకి అర్థం. ఆ పేరూ, ఆ పందిరీ, రెండు కటింగుల ఒడుపూ మాత్రం ఇక్కడివే. ఈ నగరం చుట్టూ తోటలకి ఒకప్పుడు దేశమంతటా పేరుండేది. తర్వాత గింజలేని థామ్సన్ వచ్చింది, బజారు గింజ ఉన్న పండుని అడగడం మానేసింది. ఆ తర్వాత నగరమే వచ్చింది. మా నాయన పనిచేసిన తోట యజమాని కొడుకులు దాన్ని వెంచర్ చేశారు. కడీలు పీకి హద్దు రాళ్లుగా పాతిన రోజు మా నాయన తన కత్తెర తెచ్చుకోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. కత్తెర ఇప్పటికీ మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

వాల్పొలిచెల్లా లోయల్లో కూడా భూమి ధర తక్కువేమీ కాదు. వెరోనా నగరం దగ్గర్లోనే ఉంది. అక్కడ తీగ పేరు సీసా మీదికి ఎక్కింది. ఆ సీసాలోకి ఆ తీగే కావాలని చట్టం రాశారు. ఆ చట్టం చుట్టూ వేల కుటుంబాల బతుకు అల్లుకుంది. పందిరి పీకితే ఎంత పోతుందో అక్కడ లెక్క కట్టగలరు. మన దగ్గర అనాబ్-ఎ-షాహీని తిన్నాం, ఇష్టంగానే తిన్నాం. దాని పేరు మీద ఒక్క హక్కూ రాసుకోలేదు. నాకు ఇందులో బాధే ఎక్కువగా ఉంది.

తిరుగు ప్రయాణంలో వెనిస్ మీదుగా వచ్చాను. వెరోనా నాలుగు వందల ఏళ్ల దగ్గర వెనిస్ ఏలుబడిలో ఉండింది. ఆ వెనిస్‌లో పుట్టిన నికొలావ్ మనూచీ అనే సాహసి 17వ శతాబ్దంలో మా గోల్కొండ దాకా వచ్చాడు. గోల్కొండకి వచ్చే బాటసారుల కోసం కట్టిన కుతుబ్‌షాహీల నాటి సరాయి మా షేక్‌పేటలో ఇంకా ఉంది. 2022 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ మీద పోయేవాళ్లకి అది కంట పడదు. గల్లీలోకి దిగి వెతకాలి. మనూచీ కాలంలోనే వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, తోలు తిత్తుల్లో కల్లు మోసుకుంటూ రోజూ అయిదారు వందల గుర్రాలు పరుగున గోల్కొండ పట్నంలోకి వచ్చేవనీ, కల్లు మీద పన్ను రాజుకి పెద్ద ఆదాయమనీ రాశాడు. ఈ నేలకి దాని పానీయం దానికి ఉండింది. ఈతచెట్టుకీ తాటిచెట్టుకీ కూడా గీత ఎక్కడ పెట్టాలో తెలిసిన చేతులు ఉండాలి. ఇప్పుడు మా వీధి చివర 'వైన్స్' అని పెద్ద అక్షరాల బోర్డు ఉంది. లోపల అమ్మేది విస్కీ, బీరు.

ఒక సీసా అమరోనే తెచ్చాను. మా నాయన కల్లు తప్ప ఏదీ ముట్టడు. గ్లాసులో కాస్త పోసి ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అరిష్టం వాసనొస్తుంది" అన్నాడు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, "పండు ఎండబెట్టిండ్రు. మంచి పండు" అని గ్లాసు తిరిగి ఇచ్చేశాడు. తోట ఫోటోలు మాత్రం చాలాసేపు చూశాడు. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి, కొమ్మ మొదలు చూపించమన్నాడు. పక్కకి తిప్పి తీసిన ఫోటో లేదా అని కసిరాడు.

మార్చిలో ఆయన్ని రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధనా కేంద్రానికి తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి దగ్గరే, కాపు రోజుల్లో రకరకాల ద్రాక్షని జనానికి చూపిస్తారు, అమ్ముతారు. జనం గుత్తులతో సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా నాయన ఎవరినీ చూడకుండా పందిరి కింద వరస వెంట నడిచాడు. ఒకచోట ఆగాడు. అనాబ్-ఎ-షాహీ. డెబ్బై ఆరేళ్ల మనిషి, మెడ వెనక్కి వాల్చి, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాచాడు. గుత్తిని తాకలేదు. అది వేలాడే కొమ్మని పట్టుకుని వేళ్లతో తడుముతూ మొదలు దాకా వెళ్లి, అక్కణ్నించి ఒక్కో కణుపూ లెక్కపెడుతూ వెనక్కి వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి.

"అయిదో కన్ను" అన్నాడు. "మంచిగ కోసిండ్రు."